నైపుణ్యాన్ని పెంచే ఎంపికలు: పాత్రధారణ క్రీడ, అష్టావధానం – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

బల్ల చుట్టూ కూర్చుని ఆడే కాల్పనిక పాత్రధారణ క్రీడల్లో ఆటగాడు తన పాత్ర నైపుణ్యాన్ని పెంచడానికి కొన్ని ‘ఫీట్ల’ను ఎంచుకుంటాడు. ఈ ఎంపికలో అంకెల పెరుగుదల ఒక్కటే ప్రమాణమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే మొదటి ప్రశ్న. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతంలో బలంగా వేళ్ళూనిన అవధానవిద్యలో అంశాల ఎంపికను ఇదే దృష్టితో చూడవచ్చునా అన్నది రెండవ ప్రశ్న. నైపుణ్యం విలువను దాని పరిమాణం ఒక్కటే తేల్చదనీ, పరీక్ష స్వభావం, పరీక్షించేవాడు, తోడున్నవాడు కలిసి తేలుస్తారనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణ క్రీడ, ఫీట్, నైపుణ్యం, అష్టావధానం, నిషిద్ధాక్షరి, ధారణ, ప్రొద్దుటూరు.

1. ఉపోద్ఘాతం

అవధానుల ప్రశంసలో సంఖ్యకు ఎప్పుడూ పెద్దపీటే. అష్ట, శత, సహస్ర, ద్విసహస్ర అనే విశేషణాలు అవధాని స్థాయిని చెప్పకనే చెబుతాయి. ఎన్ని అవధానాలు, ఎందరు పృచ్ఛకులు అన్న లెక్క పరిశోధకునికి సులభంగా చేతికందుతుంది. ఆ ఎనిమిది అంశాలు ఏవి, అవే ఎందుకు, ఒకదాన్ని విడిచి మరొకదాన్ని తీసుకుంటే విద్య స్వరూపం ఎలా మారుతుంది అన్న ప్రశ్నలకు లభించే స్థలం తక్కువ. ఎంపికను పట్టించుకోని ఈ లెక్కల వల్ల రెండు అసమానమైన అవధానాలు కాగితం మీద సమానంగా కనిపిస్తాయి.

ఎంపికనే కేంద్రంగా చేసుకుని, దాని ఫలితాన్ని అంకెల్లో చూపగల మరో రంగం పాత్రధారణ క్రీడ. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. ఈ ఆటలో ప్రతి ఆటగాడూ ఒక కల్పిత పాత్రను ధరిస్తాడు. నిర్వాహకుడు సన్నివేశాన్ని కల్పించి పరీక్ష పెడతాడు. పాత్ర సామర్థ్యం, పాచిక కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ప్రశ్నించేవారి మధ్య కూర్చుని, ముందుగా తెలియని సమస్యను అప్పటికప్పుడు ఎదుర్కోవడం అవధానికీ ఈ ఆటగాడికీ సమానం. ఆటతో పోల్చినంత మాత్రాన అవధానానికి వచ్చే లోటు లేదు. చదరంగాన్నీ పేకాటనూ కూడా తన అంశాల్లో కలుపుకొన్న విద్య అది.

2. ఫీట్ స్వరూపం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడవ కూర్పు 2000లో వచ్చింది. ఫీట్ అనే భావన ఆ ఆటలో స్థిరపడింది అప్పుడే. ఫీట్ అంటే పాత్ర వృత్తితో నిమిత్తం లేకుండా ఆటగాడు ప్రత్యేకంగా ఎంచుకునే విశేష సామర్థ్యం. 2003 నాటి సవరించిన కూర్పులో పాత్రకు మొదటి స్థాయిలో ఒక ఫీట్, తరువాత 3, 6, 9, 12, 15, 18 స్థాయిల్లో ఒక్కొక్కటి వస్తాయి. మానవ పాత్రకు ఆరంభంలో మరొకటి అదనం. పాత్ర జీవితకాలమంతటికీ లభించేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే కనుక ప్రతి ఎంపికా ఒక త్యాగం.

నైపుణ్య పరీక్ష విధానం సరళమైనది. ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర నైపుణ్యాంకం కలుపుతారు. మొత్తం నిర్వాహకుడు నిర్ణయించిన కష్టాంకాన్ని అందుకుంటే పని నెరవేరినట్టు. నైపుణ్యాంకం ఒకటి పెరిగితే విజయావకాశం సాధారణంగా 5 శాతం పెరుగుతుంది.

నైపుణ్యాన్ని పెంచే ఫీట్లను మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటివి అంకెను పెంచేవి. ‘స్కిల్ ఫోకస్’ ఒకే నైపుణ్యానికి 3 కలుపుతుంది. ‘అలర్ట్‌నెస్’ వినడం, చూడడం అనే రెండింటికీ చెరి 2 కలుపుతుంది. రెండవవి ద్వారం తెరిచేవి. ఇవి లేకపోతే ఆ పని ప్రయత్నించడానికే వీలుండదు. ‘ట్రాక్’ అనే జాడపట్టే ఫీట్ ఇటువంటిది. మూడవవి నిలకడనిచ్చేవి. 2019లో వచ్చిన ‘పాత్‌ఫైండర్’ రెండవ కూర్పులోని ‘అష్యూరెన్స్’ ఇందుకు ఉదాహరణ. ఈ ఫీట్ ఉన్న పాత్ర పాచిక వేయకుండానే 10కి తన అభ్యాసాంకాన్ని కలిపి ఫలితంగా స్వీకరించవచ్చు. అయితే సహజ ప్రతిభ వల్ల వచ్చే అంకె అందులో కలవదు.

3. తలారి పాత్ర: ఎంపికలోని గణితం

ఈ మూడు తరగతుల తారతమ్యం తేలడానికి ఒక పాత్రను ఊహించాలి. 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాల్లో పులివెందుల సీమ ఒక భాగం. ఆ గ్రామవ్యవస్థలో పొలిమేర కాపలా, దొంగల జాడ తీయడం తలారి బాధ్యతలు. అటువంటి తలారిని పాత్రగా తీసుకుంటే చూపు, వినికిడి, జాడపట్టడం అతనికి జీవనాధారాలు. మొదటి స్థాయిలో అభ్యాసం వల్ల 4, సహజ వివేకం వల్ల 2 కలిసి ఒక్కో నైపుణ్యంలో అతని అంకె 6 అనుకోవాలి. మానవుడు కనుక రెండు ఫీట్లు ఎంచుకోవచ్చు.

3.1 అంకెను పెంచే ఎంపిక

కష్టాంకం 15 అయితే ఈ తలారికి పాచికలో కనీసం 9 పడాలి. విజయావకాశం 60 శాతం. చూపుపై స్కిల్ ఫోకస్ తీసుకుంటే చూపులో 75 శాతం, వినికిడిలో 60 శాతం. అలర్ట్‌నెస్ తీసుకుంటే రెండింటిలోనూ 70 శాతం. మొత్తం పరీక్షల్లో చూపుకు సంబంధించినవి మూడింట రెండు వంతులను మించితేనే స్కిల్ ఫోకస్ మేలు. లేకుంటే అలర్ట్‌నెస్ మేలు. ఫీట్ విలువ గ్రంథంలో ముద్రించిన అంకెలో లేదు. నిర్వాహకుడు ఏ పరీక్షలు ఎంత తరచుగా పెడతాడన్న దానిలో ఉంది.

స్థాయి పెరిగేకొద్దీ ఈ విలువ మారుతుంది. పదవ స్థాయిలో అభ్యాసం 13కు చేరితే మొత్తం నైపుణ్యాంకం 15. అప్పుడు కష్టాంకం 15 ఉన్న పరీక్షలో ఓటమికి తావే లేదు, ఫీట్ వ్యర్థం. కష్టాంకం 20 అయితే విజయం 80 నుంచి 95 శాతానికి పెరుగుతుంది. అదే సంగతిని ఓటమి వైపు నుంచి చూస్తే 20 శాతం 5 శాతానికి, అంటే నాలుగోవంతుకు తగ్గింది. దొంగ కంటబడకపోతే ఊరికి నష్టం తప్పని చోట ఈ రెండవ లెక్కే సరైన లెక్క. ఎదుటివాడు దాగే నైపుణ్యానికి పోటీగా చూసే పరీక్షలోనైతే స్థిరమైన కష్టాంకమే లేదు. ఎదుటివాడు ఎదిగేకొద్దీ పరీక్షా ఎదుగుతుంది కనుక పెంచుకున్న అంకె అక్కడ వృథా పోదు.

3.2 ద్వారం తెరిచే ఎంపిక

జాడపట్టడం వేరు. వానకు తడిసిన రేగడి నేలలో అడుగులు లోతుగా దిగబడతాయి. అటువంటి నేలకు కష్టాంకం 5. బండనేలకు 20. జాడ పడి ఒక్కో రోజు గడిచేకొద్దీ అది ఒకటి పెరుగుతుంది. ట్రాక్ ఫీట్ లేని పాత్ర కష్టాంకం 10 దాటిన జాడను కనిపెట్టగలదే తప్ప దాని వెంట వెళ్ళలేదు. రాతినేలలో ఆ ఫీట్ లేని తలారి విజయావకాశం సున్నా. నైపుణ్యంపై స్కిల్ ఫోకస్ ఉన్నా సున్నాయే. ట్రాక్ ఒక్కటే ఉంటే 35 శాతం, రెండూ ఉంటే 50 శాతం.

అందువల్ల తలారిని తలారిగా నిలిపేది ట్రాక్. అంకెను పెంచే ఫీట్ అతన్ని మంచి తలారిని చేస్తుంది, అంతే. ఆ కూర్పు రెండింటినీ ఒకే ఖజానా నుంచి కొనుక్కోమంటుంది. యుద్ధానికి పనికొచ్చే ఫీట్లూ అక్కడి నుంచే రావాలి. ఖడ్గబలం ముందు చూపు, వినికిడి సహజంగానే వెనుకబడతాయి. తలారిలాంటి పాత్రలు బలహీనమైనవన్న భావన కొంతవరకు ఈ ఏర్పాటు ఫలితమే. పాత్‌ఫైండర్ రెండవ కూర్పు నైపుణ్య ఫీట్లకు ప్రత్యేక స్థానం కేటాయించి ఈ పోటీని తొలగించింది. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ కూర్పు మరో దారి పట్టింది. అక్కడ ఫీట్ తీసుకోవాలంటే మూలశక్తిని పెంచుకునే అవకాశం వదులుకోవాలి. వివేకాన్ని 2 పెంచితే దానిపై ఆధారపడిన ఐదు నైపుణ్యాలకూ తలా ఒకటి కలిసే అవకాశం ఉంది. ‘స్కిల్డ్’ అనే ఫీట్ తీసుకుంటే కొత్తగా మూడు నైపుణ్యాల్లో ప్రవేశం లభిస్తుంది. వేరుకు నీరు పోయాలా, కొత్త కొమ్మ వేయించాలా అన్నది అక్కడి ప్రశ్న.

3.3 తోడును బట్టి ఎంపిక

ఆట ఒక్కడిది కాదు. కాపలాలో చెరి 60 శాతం సామర్థ్యం గల ఇద్దరుంటే కనీసం ఒకరైనా దొంగను చూసే అవకాశం 84 శాతం. వారిలో ఒకడు స్కిల్ ఫోకస్ తీసుకుంటే అది 90కి చేరుతుంది. ఒంటరివానికి 15 శాతం లాభమిచ్చిన ఫీట్ జంటకు ఇచ్చినది 6 శాతమే. ఒకరు నెగ్గితే చాలన్న పరీక్షలో రెండవ నిపుణుని అవసరం తక్కువ.

అందరూ నెగ్గాల్సిన పరీక్షలో లెక్క తలకిందులవుతుంది. ముగ్గురు చప్పుడు కాకుండా కోటగోడ దాటాలి. వారి అవకాశాలు 80, 80, 30 శాతం అనుకుంటే అందరూ దాటే అవకాశం సుమారు 19 శాతం. బలమైన వానికి 15 శాతం కలిపితే అది సుమారు 23 అవుతుంది. బలహీనునికి కలిపితే సుమారు 29. నిపుణుణ్ణి మరింత నిపుణుణ్ణి చేయడం ఎప్పుడూ సరైన పని కాదని ఈ ఉదాహరణ చూపుతుంది.

4. అవధానంలో అంశాల ఎంపిక

అవధానం అంశాలు ఎనిమిదే అయినా ఆ ఎనిమిదీ అన్నిచోట్లా ఒకటి కావు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి, వ్యస్తాక్షరి, ఆశువు, అప్రస్తుత ప్రసంగం, ఘంటాగణనం, పుష్పగణనం, చదరంగం, పురాణపఠనం మొదలైన వాటి నుంచి అవధాని, నిర్వాహకులు ఎంపిక చేస్తారు. వాటిని పై ప్రమాణాలతో పరిశీలిస్తే అసమానతలు స్పష్టమవుతాయి.

సమస్యాపూరణంలో కష్టం మొదటే బయటపడుతుంది. పృచ్ఛకుడు ఇచ్చిన పాదం అసంగతంగా ఉన్నా అది మారదు. ఇది స్థిరమైన కష్టాంకం గల పరీక్ష. విరుపుల చేత, అన్వయభేదం చేత అసంగతిని తొలగించే పద్ధతులు అలవడిన అవధానికి సాధారణమైన సమస్య క్రమంగా పరీక్ష కాకుండా పోతుంది. నిషిద్ధాక్షరి అలా కాదు. అవధాని వేసిన ప్రతి అక్షరాన్నీ చూసి, తరువాత రాగల అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ఇది ఎదురుపరీక్ష, పృచ్ఛకుని పాండిత్యం పెరిగేకొద్దీ కష్టమూ పెరుగుతుంది. సమర్థుడైన పృచ్ఛకుడు లేని నిషిద్ధాక్షరి పేరుకే నిషిద్ధాక్షరి. అవధానాన్ని వర్ణించే పరిశోధకుడు పృచ్ఛకుల స్థాయిని కూడా నమోదు చేయవలసిన అవసరం ఇక్కడే ఉంది.

అప్రస్తుత ప్రసంగాన్ని ఎనిమిదింటిలో ఒకటిగా లెక్కించడం పూర్తిగా సరైనది కాదు. హాస్యంతో, చతురోక్తులతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే దాని పని. తక్కిన ఏడింటి కష్టాంకాన్నీ పెంచే అంశం అది. గంట మోతలు లెక్కించడానికీ ఆ లక్షణం కొంత ఉంది. కవిత్వంతో సంబంధం లేకపోయినా ధ్యాసలో ఒక పాయను అది నిరంతరం ఆక్రమిస్తుంది. ఇటువంటి అంశాలు కవితాసంబంధం లేనివన్న కారణంతో తొలగిస్తే అవధానం పద్యరచన పరీక్షగా మిగులుతుంది. అవే ఎక్కువైతే ఏకాగ్రతా ప్రదర్శనగా మారుతుంది. ఎంపికే ఆ విద్య నిర్వచనాన్ని మారుస్తోంది.

ఛందస్సుపై పట్టు ద్వారం తెరిచే సామర్థ్యం. అది లేనివాడికి ఎంత భావనాశక్తి ఉన్నా దత్తపది వద్ద అవకాశం సున్నా. ధారణ మూలశక్తి వంటిది. నాలుగు ఆవృత్తుల్లో పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నిటినీ చివర ఒప్పజెప్పాలి. ధారణ తప్పితే ముందు సాధించినదంతా సభకు మిగలదు. ఒక్క అంశంలో మెరుగుదల ఆ అంశానికే పరిమితం, ధారణలో మెరుగుదల అన్నిటికీ వర్తిస్తుంది.

నిలకడనిచ్చే సామర్థ్యానికి అవధానంలో సమానమైనది పూర్వకావ్యాల నుంచి అలవడిన పదబంధాల నిల్వ. యతిస్థానంలో, పాదాంతంలో అది అవధానిని కాపాడుతుంది. అష్యూరెన్స్ ఫీట్‌లో సహజ ప్రతిభ అంకె కలవనట్టే, ఈ నిల్వ నుంచి వచ్చిన పాదంలో ఆనాటి స్ఫూర్తి కలవదు. పద్యం తప్పదు, మెరవదు కూడా. అవధాన పద్యాల్లో పడికట్టు పదాలు ఎక్కువన్న విమర్శకు మూలం ఇదే. అది అవధాని అశక్తత కానక్కరలేదు. ఓటమికి వెల ఎక్కువైన చోట ఎవరైనా చేసే ఎంపిక. అంశాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ నిల్వపై ఆధారపడడమూ పెరుగుతుంది. శతావధాన, సహస్రావధాన పద్యాలను అష్టావధాన పద్యాలతో ఒకే తూనికలో తూచకూడదనడానికి ఇది ఒక కారణం.

5. పోలిక ఆగే చోటు

ఈ సామ్యానికి హద్దులున్నాయి. ఆటలో ఓడిన పాత్ర కల్పితం. అవధానంలో తప్పేది మనిషి. ఆటలో పాచిక ఉంది కనుక ఓటమిని అదృష్టం మీదకు నెట్టవచ్చు. అవధానికి ఆ వెసులుబాటు లేదు. ఫీట్‌ను ఎంచుకున్న క్షణంలోనే సామర్థ్యం సంక్రమిస్తుంది, ధారణ మాత్రం ఏళ్ళ సాధనతోనే వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆటలో నెగ్గడంతో పరీక్ష ముగుస్తుంది. అవధానంలో సమస్య పూరించిన తరువాత కూడా ఆ పద్యం బాగుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎంపికల గణితం ఆ ప్రశ్న వరకు తీసుకుపోగలదు. జవాబు చెప్పవలసింది సాహిత్య విమర్శే.

6. ప్రొద్దుటూరు జంట: నైపుణ్యం దేనికోసం

దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి రాజశేఖర వేంకటశేషకవులన్న పేరుతో జంటగా అవధానాలు చేశారు. ప్రొద్దుటూరు సాహిత్య చరిత్రలో ఆ జంటది ప్రత్యేక స్థానం. తిరుపతి వేంకట కవులు ప్రచారంలోకి తెచ్చిన జంటకవుల సంప్రదాయానికి వీరు రాయలసీమలో కొనసాగింపు. తోడును బట్టి ఎంపిక మారుతుందన్న సూత్రం ఇక్కడ అన్వయిస్తుంది. జంటలో ఒకరికి తట్టిన పూరణ ఇద్దరికీ చాలు. ఒకరు మరచిన పాదం మరొకరికి గుర్తుంటే సభ నిలుస్తుంది. ఇవి ఒకరు నెగ్గితే చాలన్న పరీక్షలు. శైలి మాత్రం అలాంటిది కాదు. ఒకే పద్యంలో రెండు గొంతులు వినిపించకూడదు కనుక అక్కడ ఇద్దరూ నెగ్గాలి. జంటావధానాన్ని ఏకాకి అవధానంతో పోల్చేటప్పుడు సౌలభ్యం ఎక్కడ, అదనపు భారం ఎక్కడ అన్నది ఈ విభజన వల్ల తేలుతుంది.

మరొక సంగతి గమనార్హం. ఈ ఇద్దరినీ తరువాతి తరాలు ఎక్కువగా గుర్తుంచుకున్నది జంటగా చెప్పిన అవధాన పద్యాలతో కాదు. విడివిడిగా రచించిన కావ్యాలతో: దుర్భాక వారి ‘రాణాప్రతాపసింహ చరిత్ర’, గడియారం వారి ‘శ్రీశివభారతము’. సభలో నాలుగు ఆవృత్తులకు సరిపోయే ధారణ, వేగం దీర్ఘకావ్యానికి నేరుగా అక్కరకు రావు. ఛందస్సుపై పట్టు, శబ్దసంపద మాత్రం రెండుచోట్లా పనిచేస్తాయి. వారి కృషిలో సభ దాటి నిలిచింది ఆ ఉమ్మడి సామర్థ్యమే. అదే పట్టణంలో తరువాత సి.వి.సుబ్బన్న శతావధాని, అష్టావధాని నరాల రామారెడ్డి అవధాన సంప్రదాయాన్ని కొనసాగించారు. ఒకే నేలలో ఒకే విద్య శతానికీ అష్టానికీ రెండు దారులుగా సాగడాన్ని పెద్దచిన్నల లెక్కగా కాక, ఎంపికల భేదంగా చదవడం న్యాయం.

7. ముగింపు

తలారి పాత్ర నేర్పిన సంగతులు మూడు. పెంచిన అంకె విలువ పరీక్షల తరచుదనం మీద, ఓటమికి చెల్లించే వెల మీద ఆధారపడుతుంది. ద్వారం తెరిచే సామర్థ్యం ముందు, దాన్ని పెంచేది తరువాత. తోడున్నవారిని చూడకుండా చేసిన ఎంపిక సగమే ఎంపిక.

ఈ మూడింటినీ అవధాన పరిశోధనకు అన్వయిస్తే, ఒక అవధానాన్ని నమోదు చేసేటప్పుడు పృచ్ఛకుల సంఖ్యతో పాటు మరికొన్ని వివరాలు అవసరమవుతాయి: స్థిరపరీక్షలు ఎన్ని, ఎదురుపరీక్షలు ఎన్ని, తక్కిన వాటి కష్టాన్ని పెంచే అంశాలు ఏవి, పృచ్ఛకుల స్థాయి ఏమిటి, అవధాని ఒంటరా జంటా. ఇవి లేని పట్టికలో అష్టావధానం శతావధానంలో పన్నెండోవంతుకన్నా చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి గట్టి పృచ్ఛకుని ఎదుట సాగిన ఒక్క నిషిద్ధాక్షరి, పడికట్టు పదాలతో గట్టెక్కిన అనేక పూరణల కన్నా అవధాని శక్తిని ఎక్కువగా బయటపెట్టవచ్చు. అవధాని ఎన్ని నెగ్గాడన్న లెక్కకు ముందు, ఏ పరీక్షలకు తలొగ్గడానికి సిద్ధపడ్డాడన్నది విమర్శకుడు చూడవలసిన విషయం.